పుర్రచెయ్యి వద్దు సార్

"మూడో గోల్!" గ్రౌండు అవతలి నుంచి ఎవరో గొంతు చించుకుని అరిచారు.

కెప్టెన్ తల ఎత్తలేదు. గోల్ కొట్టిందెవరో చూడక్కర్లేదు. మొదటి రెండూ కొట్టిన పిల్లే. ఇప్పుడంటే నీలం చొక్కా వేసుకుని అవతలి జట్టులో ఆడుతోంది గానీ, ఆరు నెలల క్రితం దాకా ఆ పిల్లది వీళ్ల స్కూలే, వీళ్ల క్లాసే. ఎడమ చేత్తో రాస్తుందని అందరూ పుర్రచెయ్యి అని పిలిచేవాళ్లు.

ఈ మ్యాచ్ పోతే వీళ్లకి హాకీ జట్టే ఉండదు. ప్రిన్సిపల్ మేడం ముందే తెగేసి చెప్పింది. "ఏడాదంతా ఓడారు. ఇదీ ఓడితే జట్టు మూసేస్తాను. ఆ గ్రౌండులో స్కూలు బస్సులు పెట్టుకుంటాం."

విజిల్ మోగింది. సగం ఆట అయిపోయింది. అందరూ నీళ్ల సీసాల దగ్గరికి వచ్చి గోల్‌కీపర్ మీద పడ్డారు. ఆ పిల్లకి వీళ్లు పెట్టిన పేరు జల్లెడ.

"ఏమే జల్లెడా, ఒక్కటైనా ఆపవే!"

"ఆపితే జల్లెడెందుకవుతుంది? చెంబయ్యేది!"

పీఈటీ సార్ ఫోన్ చూసుకుంటూనే అన్నాడు. "రెండు గోల్సేగా. కొట్టేయండి."

"మూడు సార్."

"అవునా? సరే, మూడు కొట్టండి."

జల్లెడ హెల్మెట్ తీసి కెప్టెన్ దగ్గరికి వచ్చింది. "ఒక మాట. ఆ అమ్మాయి కొట్టేది..."

"నువ్వు నోరు ముయ్. బంతి ఆపు, చాలు" అంది కెప్టెన్. తక్కినవాళ్ల వైపు తిరిగింది. "అందరూ పుర్రచెయ్యి కుడి పక్క కాయండి. ఎవరైనా కుడి పక్క నుంచే కొడతారు."

అసలు సంగతి ఆరు నెలల క్రితం మొదలైంది. ప్రాక్టీసుకి పదిహేను మంది వచ్చేవాళ్లు. జట్టులో పద్నాలుగు మందికే చోటు. "ఎవర్ని తీసేద్దామో నువ్వే చెప్పు కెప్టెన్. నాకు మీటింగుంది" అన్నాడు పీఈటీ సార్. ఆయన చెయ్యాల్సిన పని అది. పన్నెండేళ్ల పిల్ల నెత్తిన పడేశాడు.

కెప్టెన్ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "పుర్రచెయ్యి వద్దు సార్. దానికి స్టిక్ పట్టుకోవడమే రాదు."

మొదటి రోజు రాని మాట నిజమే. హాకీ స్టిక్‌కి ఒక పక్క చదును, ఇంకో పక్క గుండ్రం. చదును పక్కతోనే కొట్టాలి. ఎడమచేతి వాటం వాళ్లకి వేరే స్టిక్కులు ఉండవు. ఆ పిల్ల చేతులు తారుమారుగా పట్టుకుని కొట్టింది. గుండ్రం పక్క తగిలింది. ఫౌల్. అందరూ పొట్టలు పట్టుకుని నవ్వారు. తర్వాత నెల రోజులు ఆ పిల్ల సైకిల్ స్టాండు గోడకేసి ఒక్కతే కొట్టుకుంటూ నేర్చుకుంది. కెప్టెన్ ఆ వైపు చూడలేదు. ఆమె కంటికి ఆ పిల్ల ఇంకా మొదటి రోజు దగ్గరే ఉంది.

"ఒక్కసారి ఆడించి చూడొచ్చుగా?" అని అడిగింది పుర్రచెయ్యి.

"చూశాంలే" అంది కెప్టెన్.

ఆ తర్వాత నర్సు పని చేసే వాళ్లమ్మకి ఇంకో ఆస్పత్రికి బదిలీ అయింది. ఆ పిల్ల స్కూలు మారింది. ఎవరూ వెతకలేదు.

మళ్లీ ఆట మొదలైంది. కెప్టెన్ చెప్పినట్టే అందరూ కుడి పక్క గోడలా నిలబడ్డారు. పుర్రచెయ్యి బంతిని ఎడమ పక్కకి లాక్కుంది. స్టిక్‌ని తలకిందులుగా తిప్పి చదును పక్కతోనే ఒక్కటిచ్చింది. ఆ పక్క ఒక్కరూ లేరు. నాలుగో గోల్.

ఓడిపోయారు. చిత్తుగా ఓడిపోయారు.

అవతలి జట్టు సామాను సర్దుకుంటుంటే కెప్టెన్ వెళ్లి నిలబడింది. "బాగా ఆడావ్. ఎవరు నేర్పారు?"

పుర్రచెయ్యి చెమట తుడుచుకుంది. "మా కోచ్ అక్క మొదటి రోజే ఏ చేత్తో రాస్తావని అడిగింది. ఎడమ అన్నా. నవ్వుతుందేమో అనుకున్నా. 'స్టిక్ తిప్పేది పైనున్న ఎడమ చెయ్యే కదే! పుట్టుకతోనే నీది పైచేయి, పో!' అంది."

కెప్టెన్ తన చేతులు చూసుకుంది. ఎడమది పైన, కుడిది కింద. రెండేళ్లుగా రోజూ అలాగే పట్టుకుంటోంది.

"మళ్లీ మా స్కూలుకి వచ్చేయకూడదూ?"

"ఎందుకు?"

ఆ మాటలో వెటకారం లేదు. నిజంగానే అర్థం కాక అడిగింది. తిట్టినా బాగుండేది అనిపించింది కెప్టెన్‌కి.

"సారీ" అంది.

"సరే" అంది పుర్రచెయ్యి. వాళ్ల బస్సు హారన్ కొట్టింది. పరిగెత్తుకుంటూ వెళ్లిపోయింది. సారీ చెబితే విరిగినవన్నీ అతుక్కుంటాయా? అతుక్కోలేదు.

సోమవారం స్టిక్కులన్నీ స్టోర్ రూములోకి వెళ్లాయి. తాళం పడింది. కెప్టెన్ ప్రిన్సిపల్ గదికి వెళ్లింది. "ఇంకొక్క అవకాశం ఇవ్వండి మేడం."

"అయిపోయిందమ్మాయ్. క్లాసుకి వెళ్లు."

మధ్యాహ్నం అన్నం బెల్లు అయ్యాక వరండాలో అందరూ గుమిగూడారు. అవతల గ్రౌండులో బస్సుల కోసం సున్నంతో గీతలు గీస్తున్నారు. జల్లెడ దూరంగా మెట్ల మీద ఒక్కతే కూర్చుని తింటోంది.

"అంతా దాని వల్లే. నువ్వు చెప్పు కెప్టెన్, దాని వల్లే కదా?"

ఒక్క 'అవును' చాలు. అందరూ కెప్టెన్‌నే చూస్తున్నారు.

"కుడి పక్క కాయమన్నది నేను" అంది కెప్టెన్. "అది ఏదో చెప్పబోతే నోరు ముయ్యమన్నదీ నేనే. పుర్రచెయ్యిని వద్దన్నదీ నేనే."

"అబ్బో! ఇప్పుడు మంచిదానివయ్యావా?" అని ఒకతె మూతి తిప్పుకుంది. మరొకతె, "మరి మా ఆట ఎవరిస్తారే?" అని ఏడ్చేసింది. ఒక్కొక్కరే వెళ్లిపోయారు. కెప్టెన్‌తో మాట్లాడటానికి ఎవరూ ఆగలేదు.

కెప్టెన్ మెట్ల దగ్గరికి వెళ్లి జల్లెడ పక్కన కూర్చుంది. జల్లెడ అని పిలవలేదు. హాజరు పట్టీలో ఉన్న పేరుతో పిలిచింది.

"ఆ రోజు ఏదో చెప్పబోయావు. ఏంటది?"

"ఇప్పుడెందుకు? జట్టే లేదుగా."

"లేదు. అయినా చెప్పు."

ఆ పిల్ల డబ్బా మూత పెట్టింది. మళ్లీ తీసింది. క్లాసు బెల్లు కొట్టారు. వరండా ఖాళీ అయింది.

కెప్టెన్ లేవలేదు. ఆ పిల్ల నోరు విప్పేదాకా కూర్చునే ఉంది.