ఆరోగ్యవంతురాలి రక్తం

సునంద మొదటిసారి భరద్వాజ్ ముందు చెయ్యి చాపింది సూది గుచ్చించుకోవడానికే. దానికే మనవాడు గాల్లో తేలిపోయాడు.

అది తొంభై ఏడు. ఢిల్లీలో ఒక పెద్ద ఆస్పత్రి. కీళ్లవాతంలో ఎముకలూ, వాటి మధ్య మెత్తటి కార్టిలేజూ ఎంత దెబ్బతింటున్నాయో ఎక్స్‌రేకంటే ముందే రక్తంలో పట్టెయ్యాలని భరద్వాజ్ పరిశోధన. కార్టిలేజ్ దెబ్బతింటే ఒక ప్రోటీన్ రక్తంలోకి జారుతుంది, దాన్ని కొలవాలి. రోగుల రక్తానికి కొదవలేదు. పోల్చి చూడ్డానికి ఆరోగ్యవంతుల రక్తమే దొరకదు. అందుకని రీసెర్చ్ వాళ్లంతా పక్క సెక్షన్ల వాళ్లని బతిమాలుకుంటారు. భరద్వాజ్ అకౌంట్స్‌లో అందరినీ వదిలేసి సునందని బతిమాలాడు. ఏడాదిగా "మీదే ఊరండీ" దాటి నోరు పెగలని మనిషికి సైన్సు అలా అక్కరకొచ్చింది.

ఆమె పొద్దున్నే వచ్చింది. కాన్వాస్ బూట్లు, ఎర్రబడిన చెంపలు, కాస్త వేగంగా ఊపిరి. ఆ ఎరుపు తన కోసమేనని మనవాడు నిర్ణయించేసుకున్నాడు. అడగాల్సిన ప్రశ్న ఒక్కటీ అడగలేదు.

"ఎంతసేపు చూస్తారు? నరం దొరకలేదా?"

"దొరికిందండీ."

"అయితే గుచ్చండి. టైముకి సీట్లో లేకపోతే మా సూపరింటెండెంట్ నా రక్తం తాగేస్తాడు. మీకు మిగలదు."

వారం తిరిగేసరికి రిజల్ట్ వచ్చింది. సునంద ప్రోటీన్ చాలామంది రోగుల్ని దాటిపోయింది. ఇంకొకడైతే వెళ్లి గైడ్‌ని అడిగేవాడు. మనవాడు ముందు ఏడ్చాడు, తర్వాత త్యాగానికి సిద్ధపడ్డాడు. క్యాంటీన్‌లో ఆమె ఎదురుగా కూర్చున్నాడు.

"మీ మోకాళ్లు నొప్పెడుతున్నాయా సునంద గారూ?"

"లేదే."

"భయపడకండి. మీకేం వచ్చినా నేనున్నాను. మిమ్మల్ని పెళ్లి చేసుకుంటాను. మెట్లెక్కలేకపోతే ఎత్తుకెళ్తాను."

సునంద టీ గ్లాసు కింద పెట్టింది. "నాకేం వచ్చింది?"

చెప్పాడు. ఆమె మొహం పాలిపోయింది.

"అంటే నేనిక పరిగెత్తకూడదా?" అంది. "ఆఫీసుల పోటీలకి రోజూ పొద్దున్నే ప్రాక్టీసు చేస్తున్నాను. ఆ రోజు కూడా గ్రౌండ్ నుంచి తిన్నగా మీ దగ్గరికే వచ్చాను."

భరద్వాజ్ కుర్చీలోంచి లేచి తిన్నగా గైడ్ లీలావతి మేడం గదిలో తేలాడు. ఆవిడ విని కళ్లజోడు తీసింది.

"పరిగెత్తితే ఆ ప్రోటీన్ కాసేపు పెరుగుతుంది. మనిషిని కూర్చోబెట్టి, కాస్త ఆగి తియ్యమని నీకు చెప్పానా లేదా? ఆ అమ్మాయి రొప్పుతూ వస్తే నువ్వేం చూస్తున్నావు?"

ఏం చూశాడో థీసిస్‌లో రాసుకునే విషయం కాదు.

మళ్లీ రక్తం తీశారు, ఈసారి మేడం ఎదురుగా, సునందని నిదానంగా కూర్చోబెట్టి. ప్రోటీన్ మామూలుగా ఉంది. భరద్వాజ్ అకౌంట్స్ సెక్షన్‌కి పరిగెత్తాడు.

"మీకేం లేదండీ. తప్పు నాది."

"అచ్ఛా," అంది సునంద. ఆమె కళ్లు ఉబ్బి ఉన్నాయి. "నిద్ర లేకుండా చేశారు కదండీ. మరి పెళ్లి సంగతి? రోగం లేదు కాబట్టి కేన్సిలా?"

భరద్వాజ్ త్యాగం డైలాగులన్నీ ఎటో పోయాయి.

"లేదండీ. అది జాలి కాదు. మీరు బాగున్నప్పుడు అడిగే ధైర్యం లేకపోయింది. మీకు జబ్బనగానే, ఇంక నన్ను కాదనరులే అనిపించింది. అందుకే అడిగాను."

"ఎంత నీచం."

"అవునండీ."

సునంద కాగితాలు సర్దుతూ అంది.

"ఆదివారం సరోజినీ నగర్‌లో మా క్వార్టర్‌కి రండి. మా నాన్నగారి ముందే అడగండి. నాకే రోగమూ లేదని తెలిసి అడుగుతున్నారు, నేను కాదని కూడా అనొచ్చు. కాస్త వణుకుతూనే అడగండి."