ఆమె రావడం మానేసిన వారం

"మా ఇంట్లో పిచ్చివాళ్ళెవరూ లేరు. మీరిక దయచేయొచ్చు," అన్నాడు టైలర్, కత్తెర ఆపకుండానే.

షాపు గుమ్మంలో నిలబడ్డ అమ్మాయి కదల్లేదు. వీధి చివర లైబ్రరీ మేడ మీద ఓ గది ఉంది. మనసు బాగోలేనివాళ్ళు వచ్చి, కాసేపు కూర్చుని, కష్టసుఖాలు చెప్పుకుని వెళ్ళే గది. అక్కడి కౌన్సెలర్ ఆమె. రాలేనివాళ్ళ ఇళ్ళకి తనే వెళ్తుంది.

"పిచ్చి అని నేనన్నానా? మీ నాన్నగారిని పలకరించి వెళ్తానన్నాను, అంతే."

"ఆయన ఎవరితోనూ మాట్లాడరు."

"నేను మాట్లాడతాను, ఆయన వింటారు. అన్నట్టు, ఆ చొక్కాకి రెండు చేతులూ ఎడమవే కత్తిరించినట్టున్నారు."

టైలర్ కిందికి చూశాడు. నిజమే! ఒళ్ళు మండింది. కానీ నవ్వూ వచ్చింది. మీసం దువ్వుకునే వంకతో దాన్ని దాచుకుని, తాళం చెవి తీసుకుని లేచాడు.

నాన్న సిటీ బస్సు నడిపేవాడు. ఒక వానరోజు బస్సు జారి, రోడ్డు దాటుతున్న మనిషి కాలు విరిగింది. తప్పు ఆయనది కాదని విచారణలో తేలింది. ఆ మనిషి కోలుకుని చక్కగా నడుస్తున్నాడు కూడా. నాన్న మాత్రం అప్పటినుంచీ గడప దాటలేదు. "నేనెందుకు బతకాలిరా?" అని ఒకసారి అన్నాడు. ఆ మాట విన్న దగ్గర్నుంచి, షాపుకి వెళ్ళేటప్పుడల్లా టైలర్ ఇంటికి బయట తాళం వేస్తున్నాడు.

ఆ తాళం చూసి ఆమె తిట్టలేదు. "భయపడ్డారు కదూ?" అంది మెల్లగా. అతను తలూపి తాళం తీశాడు. ఇన్నాళ్ళూ ఆ సంగతి అతన్ని అడిగినవాళ్ళే లేరు.

లోపల నాన్న గోడవైపు తిరిగి కూర్చున్నాడు. ఆమె నేల మీదే చతికిలబడి, చనిపోవాలని ఇంకా అనిపిస్తోందా అని సూటిగా అడిగేసింది. టైలర్ ఆమెను ఆపబోయాడు. నాన్న ఆమెకేసి తిరిగాడు. చాలాసేపు ఏడ్చాడు. ఆ తర్వాత మాట్లాడాడు.

ఆ వారమే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళారు. టైలర్ షాపులో ఉన్నంతసేపూ పక్కింటి పిన్ని ఇంట్లో తోడుండేది. మందులు, మాటలు, ఓపిక. నెమ్మదిగా నాన్న షాపుదాకా వచ్చి గుండీలు కుట్టడం మొదలుపెట్టాడు. తాళం అటక ఎక్కింది.

ఆమె వచ్చే రోజున టైలర్ పొద్దున్నే తలకి నూనె రాసేవాడు.

"ఈమధ్య మీ చొక్కా మహా నీటుగా ఉంటోందండీ."

"టైలర్ని కదండీ."

"మొన్నటిదాకా కాదా?"

అలాంటి అమ్మాయి ఒక్కసారిగా రావడం మానేసింది. ఆమె బదులు ఓ బట్టతల పెద్దాయన వచ్చాడు. మంచివాడే. అయినా ఆయన్ని చూడగానే టైలర్ మొహం మాడిపోయింది. క్రితంసారి చినుకులు పడుతుంటే గొడుగు పట్టి ఆమెను లైబ్రరీదాకా దిగబెట్టాడు. అది తప్పయిందా? అడగడానికి ధైర్యం చాలలేదు. ఆ వారమంతా సూదులు వేళ్ళకే దిగాయి.

శనివారం సాయంత్రం వాన దంచి కొడుతుండగా పిన్ని పరుగెత్తుకొచ్చింది. "టీ పెట్టి వచ్చేసరికి మీ నాన్న లేడురా!"

టైలర్ కత్తెర పడేసి పరుగెత్తాడు. తిన్నగా లైబ్రరీ మేడ ఎక్కాడు. ఆమె ఒక్క ప్రశ్న కూడా వేయకుండా గొడుగు తీసింది.

ఇద్దరూ వీధులన్నీ గాలించారు. బస్టాపు దగ్గరికి వచ్చేసరికి బస్సొకటి ఆగింది. ముందు తలుపులోంచి నాన్న దిగాడు!

"ఎక్కడికెళ్ళావు నాన్నా?"

"ఎక్కడికీ లేదురా. చివరి స్టాపుదాకా వెళ్ళి వచ్చాను. వానలో బస్సెక్కగలనో లేదో చూసుకుందామనిపించింది. చేతులు వణికాయి. అయినా దిగలేదు." నాన్న ఊపిరి పీల్చుకున్నాడు. "పిన్నికి చెప్పకుండా వెళ్ళడం తప్పే. చెబితే మానేస్తానేమోనని... ఇంకెప్పుడూ అలా వెళ్ళను."

టైలర్ బెంచీ మీద కూలబడి, ఏడుస్తూ నవ్వాడు. పోయిన ప్రాణం లేచొచ్చింది. ఆ ఊపులోనే ధైర్యమూ వచ్చింది.

"మీరెందుకు రావడం మానేశారు? నావల్ల ఏమైనా..."

"మీవల్లే," అంది ఆమె.

అతని మొహం వాడిపోయింది.

"మా దగ్గర ఒక రూల్ ఉందండీ. సాయానికి వెళ్ళిన ఇంట్లో మనసు పారేసుకోకూడదు. పారేసుకున్నాను. అందుకే ఉన్నదున్నట్టు పైవాళ్ళకి చెప్పి, నా బదులు సార్‌ని పంపించమన్నాను."

టైలర్ బుర్ర గీరుకున్నాడు. "మనసు... ఎవరిమీద?"

ఆమె నెత్తి కొట్టుకుంది. నాన్న ఇక ఆగలేకపోయాడు.

"ఒరేయ్, ఆ ఇంట్లో ఉండేది మనిద్దరం. నామీదైతే కాదు కదా!"

ఆమె పకపకా నవ్వింది. టైలర్ చెవులు ఎర్రబడ్డాయి. "నాకూ... ఎప్పట్నుంచో..." అన్నాడు. మిగతాది వాన మింగేసింది, కానీ ఆమెకి వినపడినట్టే ఉంది.

"నీలాంటి పిల్ల మా ఇంటికొస్తే అంతకన్నా ఏం కావాలమ్మా!" అన్నాడు నాన్న. తలమీద జేబురుమాలు కప్పుకుని వానలోకి దిగాడు.

టైలర్ కంగారుగా లేవబోయాడు.

"నువ్వు కూర్చోరా. తీరిగ్గా రండి ఇద్దరూ," అన్నాడు నాన్న వెనక్కి తిరక్కుండానే. "ఇంటికి దారి నాకు తెలుసు."