రెండు కోన్లు పట్టుకున్న అమ్మాయి

"ఈ వ్యాసం తీసేయాలి. ఒక మీమ్‌కి ఇంత సీన్ అక్కర్లేదు."

రేణిగుంట గోడౌన్‌లో మధ్యాహ్నం క్యారేజీ ముందు పెట్టుకుని ఫోన్ చూస్తుంటే కనబడిన మాట ఇది. రాసింది స్వర్ణముఖి అనే పేరుతో ఎవరో. నాకు ఒళ్లు మండింది.

ఆన్‌లైన్ విజ్ఞాన సర్వస్వంలో నేను రాసిన ఒకే ఒక్క వ్యాసం అది. ఆ మీమ్ మీరూ చూసే ఉంటారు. బస్టాండు బెంచీ మీద ఓ అమ్మాయి, రెండు చేతుల్లో రెండు కోన్ ఐస్‌క్రీములు. ఒకటి మోచేతి దాకా కారిపోయింది. మొహం సగమే కనబడుతుంది. కింద ‘వస్తాడంటలే’ అని రాసి ఉంటుంది. లీవు ఇస్తానన్న సూపర్‌వైజర్ మీదా, పోయిన కరెంటు మీదా జనం దాన్నే పంపుకుంటారు.

నాకు మాత్రం ఎప్పుడూ నవ్వు రాలేదు. చిత్తూరు నుంచి ఇక్కడికొచ్చి రెండేళ్లు. గదికి పోతే అమర్‌నాథ్ అని పిలిచే మనిషి లేడు. ఆ అమ్మాయి పక్కన కూర్చోవాలనిపించేది. అది కుదరక వ్యాసం రాశాను.

చర్చ పేజీలో గట్టిగానే తగులుకున్నాను.

"పేపర్లో కూడా వచ్చిందండీ. మూలం ఇచ్చాను కదా."

"ఆ పేపరువాళ్లు మీ వ్యాసం చూసే రాశారు. తేదీలు చూసుకోండి. మీ మాటకి మీ మాటే సాక్ష్యమా? పైగా ఆ ఫొటో రేణిగుంటది కాదు, శ్రీకాళహస్తి బస్టాండుది."

చూసుకున్నాను. నిజమే. వ్యాసంలో రేణిగుంట అని రాసింది నా ఊహే. పేపరూ అదే అచ్చేసింది.

అయినా వదల్లేదు. పది రోజులు వాదించుకున్నాం. క్యారేజీ మూత తీయకముందే ఆమె జవాబు కోసం వెతికేవాణ్ని. ఒకరోజు మధ్యలో అడిగింది, "తిన్నారా? వాదించడానికి ఓపిక కావాలి కదా." ఆ రోజు పులిహోర కూడా రుచిగా అనిపించింది.

"శ్రీకాళహస్తి అనడానికి మీ మూలమేది?" అని అడిగాను. మూడో రోజు విడిగా మెసేజ్ వచ్చింది.

"మూలం నేనే. ఆ కోన్లు నావి. నా పేరు రాజశ్రీ. కలంకారీ షాపులో పని చేస్తా ఉండాను. వచ్చినోళ్లు ‘వస్తాడంటలే నువ్వే కదా’ అని నవ్వతారు. వస్తానన్నోడు రాలేదు, సరే. ఇంకో ఏడాదికి జనం మరిచిపోతారులే అనుకున్న్యా. మీరు రాసినాక ఆ దారీ లేదు."

ముద్ద క్యారేజీలో పెట్టేసి చర్చ పేజీ తెరిచాను. అప్పటికే అయిదుగురు వ్యాసం ఉంచాలన్నారు. నేను రాసింది నాలుగు వేలమంది చదివారు. నా బతుకులో నలుగురు చూసింది అదొక్కటే.

చర్చ పేజీలో రాశాను: "రాసింది నేనే. పేపరు నా నుంచే ఎత్తుకుంది. దీనికి వేరే మూలం లేదు. తీసేయండి."

మర్నాటికి వ్యాసం పోయింది. చర్చ ముగిసిందని పెట్టేశారు. ఆమెతో మాట్లాడడానికి ఉన్న ఒక్క సాకూ పోయింది. మూడు రోజులు క్యారేజీ సగం సగమే తిన్నాను.

నాలుగో రోజు ఫోన్‌లో ఆమె మెసేజ్ మోగింది.

"తిన్నారా?"

"ఒక్కణ్నే ఏం తినేది."

"ఆదివారం ఈ పక్కకు రాండి."

"యాడికి?"

"మీకు తెలిసిన బస్టాండే. ఈ తూరి ముందు మీరే వచ్చి కూర్చోవల్ల."

ఆదివారం ఆ బస్టాండులో రెండు కోన్లు కొనుక్కుని బెంచీ మీద కూర్చున్నాను. అరగంటయింది. ఒకటి మణికట్టు దాటి కారుతోంది. ఎదురుగా ఇద్దరు నన్ను చూసి నవ్వుకున్నారు, ఒకడు ఫోన్ తీశాడు. పారిపోవాలనిపించింది. ఆమె ఎంత ఒంటరిగా కూర్చుందో అప్పుడు తెలిసింది.

పక్కన ఎవరో కూర్చున్నారు. గోళ్ల చుట్టూ నీలిరంగు. మొహం ఈసారి మొత్తం కనబడింది.

"ఆ తట్టు నిలబడి సూస్తా ఉన్న్యా, లేసి పోతావేమోనని."

"పోయుంటే?"

"పోలేదు కదా," అని చెయ్యి చాపింది. "కారేది నాకియ్యి. నాకు అలవాటే."

ఇవ్వలేదు. మంచిది ఆమెకిచ్చి, కారేది నేను తిన్నాను.