ఆరని పాలిష్ మీద అడుగులు

ఆమె సంచీలో చివరి జత బట్టలు కుక్కి జిప్పు లాగింది. గది తలుపు తీయగానే హాలంతా తళతళలాడుతోంది.

"ఏమండీ! మొత్తం పూసేశారా?"

"పూశానండీ. రేపటిదాకా ఎవరూ కాలు పెట్టకూడదు," అన్నాడు పాలిష్ అతను, వీధి గుమ్మం దగ్గర కుంచె తుడుచుకుంటూ.

"నాలుగింటికి నా బస్సు! కొత్త ఉద్యోగం! పొద్దున్నే చెప్పానా లేదా?"

"చెప్పారు, మర్చిపోయాను. చెక్క నేల మీద చెప్పులు వద్దని నెల్లాళ్ళుగా మొత్తుకుంటున్నాను, మీకు గుర్తుంటోందా?"

"నెల్లాళ్ళ పనా ఇది? ఒక్క హాలు!"

"అమ్మగారు బకెట్లతో నీళ్ళు కొడుతుంటే చెక్క ఉబ్బింది. మళ్ళీ గీకాను. గుడ్డ గట్టిగా పిండి తుడవమంటే వింటేనా?"

వంటింటి గుమ్మంలోంచి తల్లి అందుకుంది. "నా మీదకెందుకయ్యా? బండలు వేయించమంటే మీ అయ్యగారే విన్లేదు. చెక్క కావాలన్నారు, ఆయన కాస్తా పోయారు. ఈ నేలా, నువ్వూ నా ప్రాణానికి మిగిలారు!"

గడియారం మూడున్నర కొట్టింది.

"ఇంక మీ ఇష్టం," అని ఆమె సంచీ భుజాన వేసుకుని ఉత్తకాళ్ళతో తడి పాలిష్ మీదుగా నడిచేసింది. ఆమెకి కోపం. అతనికి దిగులు. నేల కోసం కాదు. గుమ్మం దాటేటప్పుడు ఆమె అతని ముఖం వంకైనా చూడలేదు.

ఆమె వీధి మలుపు తిరిగాక, తెరిచి ఉన్న గది తలుపులోంచి మంచం కింద ఆమె చెప్పులు అతనికి కనిపించాయి. నెల్లాళ్ళ పోరుకి చివరికి ఇవాళ అలవాటై వదిలేసినవి.

ఎవర్నీ కాలు పెట్టనివ్వని మనిషి ఆ తడి నేల మీదే పరుగెత్తి, చెప్పులు అందుకుని, అలాగే వెనక్కి పరుగెత్తాడు.

"ఓరి నాయనో! నా నేల!" అంది తల్లి.

"ఇవి ఇచ్చేసి, సాయంత్రం బస్సుకి వచ్చి ఈ అడుగులు సరిచేస్తానమ్మా!"

అయిదింటికి ఫోను మోగింది.

"అమ్మా, ఈయన బస్సెక్కేశాడే! నేను బయల్దేరతానని తెలిసే పూశాట్ట! నన్ను ఆపడానికి వేరే దారి దొరకలేదట!"

"అడగడానికి నోరు లేదటా? నీకిష్టమేనా?"

"చెప్పులు తెచ్చాడు కదమ్మా," అంది కూతురు.

"సరే, సుఖంగా ఉండండి. ముందు నా నేల సంగతి కనుక్కో."

మూడు నెలలకి పెళ్ళి ఆమె ఉద్యోగం చేసే ఊళ్ళోనే అయింది. తల్లే వెళ్ళి ఆశీర్వదించి వచ్చింది. హాల్లో ఆ అడుగులు అలాగే ఉన్నాయి. ఇప్పుడు తల్లి గుడ్డ గట్టిగా పిండి, వాటి చుట్టూ తుడుస్తుంది.

సాయంత్రం బస్సుకి వస్తానన్న పాలిష్ అతను, ఆ రోజు వెళ్ళినవాడు, మళ్ళీ రాలేదు.