జాషువా ఫోన్‌లో ముత్తక్క నంబర్

కిన్నెరసాని రోడ్డు మీద, కల్వర్టు దగ్గర, పట్టపగలు జాషువాను కాల్చారు. రెండు బుల్లెట్లు. జేబులో పర్సు అలాగే ఉంది, చేతికి గడియారం అలాగే ఉంది. దొంగల పనైతే అవి మిగిలేవి కావు. అతను రహస్య శాఖ మనిషని ఇంట్లో ఒక్కరికే తెలుసు. ఆ ఒక్కరూ చెల్లెలు రిబ్కా. ఆమెదీ అదే శాఖ. ఏజెంట్ సెవెన్‌టీన్.

అన్న సమాధి మీద మట్టి వేసినప్పుడు రిబ్కా ఏడవలేదు. అతని సామాన్లలోంచి పాత కీప్యాడ్ ఫోన్ ఒక్కటి తీసుకుంది. బ్యాటరీ ఉబ్బి, వెనక మూత పట్టక, రబ్బరు బ్యాండు చుట్టిన ఫోన్. 'చంపినవాడి గొంతు ఇందులోనే వింటాను' అనుకుంది. ఇందులోనే ఎందుకంటే ఏం చెబుతుంది? పగబట్టిన మనిషిని కారణాలు అడగకూడదు.

పదకొండో రోజు పొద్దున పదకొండున్నరకు ఆమె భద్రాచలంలో ఉంది. చెవిలో దాచిన ఇయర్‌పీస్‌లో చీఫ్ రవీందర్ గొంతు పలికింది.

"పాల్వంచ థర్మల్ స్టేషన్ గేటు. రెండు గంటలకు షిఫ్ట్ మారుతుంది. దిగేవాళ్లు, ఎక్కేవాళ్లు కలిసి ఆరు వందల మంది. అక్కడెక్కడో బాంబు పెట్టారు. దానికో మొబైల్ తగిలించారు. ఆ నంబర్‌కు కాల్ వస్తే పేలుతుంది."

"గేటు ఖాళీ చేయించండి సార్."

"కాల్ చేసేవాడు ఏదో మేడ మీద బైనాక్యులర్స్ పట్టుకుని కూర్చున్నాడు. జనం కదిలితే అప్పుడే నొక్కేస్తాడు."

"నంబర్ బ్లాక్ చేయించండి."

"ఫోన్ కంపెనీలో వాళ్ల మనిషి ఉన్నాడు. బ్లాక్ ఆర్డర్ వెళ్లిన నిమిషంలో వాడికి తెలుస్తుంది. వాడి పేరు జగదీష్. సముద్రం అవతలి హార్న్‌బిల్ ముఠాకు ఇక్కడ కుడిభుజం. జాషువాను కాల్చింది వాడే. నాకు ప్రాణాలతో కావాలి."

రిబ్కా పళ్లు బిగించింది. "నంబర్ ఎవరిచ్చారు?"

"మనోజ్ఞ. ఇప్పుడు వాడి పక్కనే ఉంది. ఎక్కడున్నారో మాత్రం చెప్పడం లేదు."

మనోజ్ఞ! పెళ్లిళ్లకు డ్రోన్ షూటింగ్ చేసే కంపెనీ యజమానురాలు. ఎర్రరంగు గోళ్లు, నవ్వితే ఎదుటివాడు పేరు మరిచిపోయే అందం. శాఖకూ పనిచేస్తుంది, ముఠాకూ పనిచేస్తుంది. పేలితే అటు, పేలకపోతే ఇటు. జాషువాకు వచ్చిన చివరి కాల్ కూడా ఆమెదే. అది అనుమానమే తప్ప రుజువు కాదని ఫైలు మూసేశారు.

"ఆమె మనకు పనికొచ్చే మనిషి, రిబ్కా."

"అవును సార్. అందరికీ పనికొస్తుంది."

ప్లాన్ చిన్నదే. ఆ సిమ్ అడవి పల్లెలో ఉండే ముత్తక్క పేరు మీద ఉంది. ఫోన్ పోయిందని చెప్పి ముత్తక్క డూప్లికేట్ సిమ్ తీసుకోవాలి. రోజూ వేలమంది తీసుకుంటారు, ఎవరూ పట్టించుకోరు. కొత్త సిమ్ యాక్టివేట్ అయిన క్షణాన బాంబులోని సిమ్ చచ్చిపోతుంది. నంబర్ మాత్రం బతికే ఉంటుంది. జగదీష్ కాల్ చేస్తే రిబ్కా చేతిలో మోగుతుంది. నలభై సెకన్లు లైన్‌లో ఉంచితే, పాల్వంచలో సాయుధులతో తిరుగుతున్న సిగ్నల్ వ్యాన్ వాడున్న భవనం పట్టేస్తుంది.

మెడలో సర్వే ఐడీ కార్డు వేసుకుని రిబ్కా బైక్ మీద పల్లెకు చేరేసరికి ముత్తక్క బీడీల తునికాకు కట్టలు ఆరబెడుతోంది. యాభై దాటిన మనిషి. వేలిముద్ర మాట వినగానే చేతులు కొంగులో దాచుకుంది.

"మల్ల ఏలుముద్రనా? ఎండకాలం ముంగట దుప్పట్లిస్తమని గట్లనే మిషన్ మీద పెట్టించిండ్రు. గా దుప్పటి రెండు నెల్లకే చినిగింది. నేను పెట్ట."

రిబ్కా ఐడీ కార్డు తీసి పక్కన పడేసింది. అబద్ధమాడితే తనూ ఆ దుప్పట్లవాళ్లూ ఒకటే.

"పెద్దమ్మా, నేను సర్వేదాన్ని గాదు, పోలీసుదాన్ని. దుప్పట్లిచ్చినోళ్లు నీ ఏలుముద్రతోని సిమ్ తీసిండ్రు. దాంతోని ఇయ్యాల ఆరువందల మందిని సంపుతరు. మా అన్నను సంపింది గూడ వాళ్లే."

ముత్తక్క కొంగు దులుపుకుని లేచింది. "బండి తియ్యి బిడ్డా."

ఒంటిగంట దాటి ఐదు నిమిషాలకు భద్రాచలం బస్టాండు ఎదురుగా రాంబాబు మొబైల్ షాపు. రాంబాబు జాషువా ఫోన్ చేతిలో తిప్పి చూశాడు.

"సిమ్ము గిండ్ల ఏస్తరా మేడం? గిది టూజీ. మీ నసీబు మంచిది, గీ కంపెనీకి ఇంకా టూజీ ఉంది. అవ్వా, ఏలు పెట్టు."

ముత్తక్క బొటనవేలు పెట్టింది. ఎర్ర లైటు. చూపుడువేలు. ఎర్ర లైటు. పదివేళ్లూ అయ్యాయి. నలభై ఏళ్లు తునికాకు కోసి, వెదురు చీల్చి, గీతలన్నీ అరిగిపోయాయి.

"ఇగ కాదు మేడం. ముద్రలే లేవు."

"ఒంటిగంట ఇరవై" అన్నాడు రవీందర్ చెవిలో.

ముత్తక్కకు కోపం వచ్చింది. "దొంగలకైతే పడ్డయి గదా! గప్పుడు పడంగ, గిప్పుడెందుకు పడవు? గప్పుడు గాళ్లు నా ఏళ్లు గోరువెచ్చ నీళ్లతోని కడిగి, నా తలకే రుద్దించిండ్రు."

రిబ్కా పక్క టీ కొట్టుకు పరుగెత్తింది. వేడినీళ్లలో చన్నీళ్లు కలిపి తెచ్చింది. ముత్తక్క వేళ్లు ముంచి, తుడుచుకుని, నూనె రాసిన జుట్టుకు రుద్ది, ఎడమ ఉంగరపు వేలు మిషన్ మీద గట్టిగా అదిమింది. పచ్చ లైటు వెలిగింది.

కొత్త సిమ్‌ను రాంబాబు చిన్న ముక్కగా విడదీయకుండా, చుట్టూ ఉన్న ఫ్రేముతో సహా ఫోన్‌లో పెట్టాడు. "ఇగ ఆగాలె. అర్ధగంటయినా పట్టొచ్చు, రెండు గంటలైనా పట్టొచ్చు."

రెండు గంటలు! రిబ్కా కౌంటరు అంచు పట్టుకుని నిలబడింది. ఒకటి నలభై. ఒకటి యాభై. స్క్రీన్ మీద ఒక్క సిగ్నల్ గీత కూడా లేదు. అక్కడ బస్సులు గేటు ముందు ఆగుతుంటాయి. టిఫిన్ డబ్బాలు పట్టుకుని మనుషులు దిగుతుంటారు.

ఒకటి యాభై ఏడు. రాంబాబు కంప్యూటర్ వైపు చూసి అరిచాడు. "యాక్టివ్ అయింది మేడం! పాతది బందయింది. ఫోన్ ఆఫ్ చేసి ఆన్ చెయ్యుండ్రి, జల్దీ!"

రిబ్కా ఆఫ్ చేసి ఆన్ చేసింది. ఆ ముసలి ఫోన్ తీరిగ్గా పాట పాడి, టైమ్ ఎంతో చెప్పమంది. ఆమె తిట్టుకుంటూ ఒకటి యాభై తొమ్మిది అని నొక్కింది. రెండు గీతలు వచ్చాయి. వెంటనే ఫోన్ మోగింది.

"హలో."

అవతల ఊపిరి ఆగింది. పేలుడు వినాల్సినవాడికి ఆడమనిషి గొంతు వినిపించింది.

"ఎవరది?"

"జాషువా చెల్లెను. వాడి ఫోన్‌లనే మాట్లాడుతున్న."

"ఇంకా ముప్పై ఐదు సెకన్లు ఆపు" అన్నాడు రవీందర్ చెవిలో.

"కట్ చేస్తవా జగదీష్? చెయ్యి. నీ బాంబు నంబర్ మాకెవలిచ్చిండ్రో మాత్రం తెల్వకుండనే పోతది."

"ఎవడిచ్చిండు?"

"ఎవడు గాదు. నీ పక్కన కూసున్నది. ఎర్రగోర్లది."

"రిబ్కా! మన మనిషిని బయటపెడుతున్నావు!" రవీందర్ గొంతు చిరిగిపోయింది.

"మీ మనిషి సార్. నా మనిషి కల్వర్టు కాడ సచ్చిండు."

ఫోన్‌లో కుర్చీ పడిన చప్పుడు. గాజు పగిలిన చప్పుడు. తర్వాత మనోజ్ఞ కేక: "అబద్ధం జగదీష్! నేను నిన్ను అమ్ముకుంటనా? జాషువాను కల్వర్టు కాడికి పిలిచి నీకప్పజెప్పింది నేనే గదా!"

రిబ్కా కళ్లు మూసుకుంది. రవీందర్ కూడా విన్నాడు. శాఖ టేపు కూడా విన్నది. ఫైలు ఇక ఎవరూ మూయలేరు.

ముప్పై తొమ్మిది. నలభై. వాళ్ల కొట్లాట ఇంకా సాగుతుండగానే తలుపు విరిగింది. "చేతులెత్తు!" అన్న అరుపులు. ఆ వెనక జగదీష్ గొంతు, "కాల్చకుండ్రి సార్, కాల్చకుండ్రి" అని ఏడుపు. రిబ్కా ఆ ఏడుపును చివరి దాకా విన్నది. అన్న తిరిగి రాడని తెలుసు. అయినా ఆ భయం ఆమె చెవులకు తియ్యగా ఉంది, అందుకు సిగ్గు కూడా పడలేదు. ఆ తర్వాతే కౌంటరు మీద తల పెట్టి, పదకొండు రోజుల ఏడుపూ ఏడ్చింది.

రెండున్నరకు రిపోర్టు వచ్చింది. లాడ్జి మూడో అంతస్తులో ఇద్దరూ దొరికారు. గేటు పక్క సైకిల్ స్టాండులో, సిగ్నల్ లేని ఫోన్‌తో బాంబు దొరికింది. జగదీష్ బ్యాగులో ఇంకా వాడని సిమ్‌లు ఎనిమిది ఉన్నాయి. అన్నీ ముత్తక్క పేరు మీదే.

రాంబాబు లెక్క చెప్పాడు. "అవ్వా, నీ పేరు మీద మొత్తం తొమ్మిది నంబర్లున్నయి."

ముత్తక్క టీ గ్లాసు కింద పెట్టి, కొంగుతో మూతి తుడుచుకుంది.

"ఒక్కటి గూడ నాకెందుకు బిడ్డా? మా ఊరికి సిగ్నలే రాదు."