ఒక మీట తక్కువ

అపరాహ్ణవేళ... అయినా ఆకాశమంతా కారుచీకటి! ఉరుము మీద ఉరుము. పగలు కూయరాని గుడ్లగూబ పాత సామాన్ల దుకాణం చూరు మీద కూర్చుని ఒకటే కూత. ఆ కర్ణకఠోర ధ్వని విన్న మరెవరైనా ఇంటిదారి పట్టేవారే. ఆఫీసు నుంచి ఇటు వచ్చిన గుమాస్తాకు మాత్రం వినబడలేదు. పాత టైపు మిషన్ కంటపడితే ఆయనకు చెవులు పనిచేయవు.

విరిగిన కుర్చీల వెనుక, బూజు మాటున... అది! నల్లని ఇనుప దేహం, కాగితాన్ని జరిపే తుప్పు సోకని క్యారేజీ, మెరిసే గంట. గుండ్రని మీటలు దంతవర్ణంలో ఉండి, తాకితే చల్లగా తగిలాయి. ఇల్లంతా మిషన్లతో నింపిన మనిషే అయినా ఇలాంటిది ఎన్నడూ చూడలేదు. పై వరుసలో ఒక్క మీట మాత్రం లేదు.

దుకాణదారు ఎర్రని కళ్లవాడు. బేరం లేకుండా ఇచ్చేశాడు. "ఆ ఊడిన మీట జోలికి పోకండి. అది అలాగే ఉండాలి," అన్నాడు, మెడలో వేలాడే గుండ్రని తెల్ల బిళ్లను చొక్కాలోకి తోసుకుంటూ.

మిషన్లు సేకరించేవాడితోనా ఆ మాట! ఒక్క మీట లోటంటే ఆయనకు పంట్లో ఇరుక్కున్న పీచే. తీసేదాకా నిద్ర పట్టదు.

ఆయన భార్య ఒకప్పుడు టైపు నేర్పిన టీచరమ్మ. ఆమె కళ్లెదుట ఇంకొన్నాళ్లు ఉండాలని ఈయన కావాలనే తప్పులు కొట్టేవాడు. పెళ్లయ్యాక ఏ మిషన్ ఇంటికి తెచ్చినా బోణీగా కొట్టేది ఆమె పేరే. కొత్తదాన్ని చూసి ఆమె నవ్వింది. ఇక మంచం మీద వీటిని పడుకోబెట్టి మనం కిందికి దిగుదామని దెప్పింది. అంటూనే నూనె డబ్బా తెచ్చింది, తను పాఠాలు చెప్పిన పాత మిషన్‌లోంచి మీట పీకి ఇచ్చింది. అది సరిగ్గా అమరింది!

ఆయన మురిసిపోతూ ఆమె పేరు కొట్టాడు.

ఫెళఫెళమని పిడుగు! ఆమె కనుపాపలు పైకి తిరిగాయి. వేళ్లు గాలిలో టకటకలాడాయి. ఆయన రొప్పుతూ మోసుకొచ్చిన యంత్రాన్ని చంటిబిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని వానలోకి నడిచింది. గుమాస్తా కొంగు పట్టుకున్నాడు, కాళ్లకు అడ్డం పడ్డాడు. ఆమె ఆగలేదు. ఏడుస్తూ వెంట నడవడం తప్ప ఆయన చేయగలిగింది ఏమీ లేదు.

దుకాణం వెనుక గదిలో రక్తవర్ణ మండలం... మధ్యలో ఒక కపాలం! దాని నడినెత్తిన గుండ్రంగా కోసిన రంధ్రాలు, ఒక్కొక్కటీ మీటంత. ఎదుట పద్మాసనంలో దుకాణదారు, కాదు, క్షుద్రమాంత్రికుడు! ఆమె యంత్రాన్ని కపాలం పక్కన దించి దాని ముందు కూర్చుంది.

"ఈ కపాలం నా దగ్గర టైపు కొట్టినదానిదే," అన్నాడు కపాలాన్ని నిమురుతూ. "దాన్ని చంపి, ఈ ఎముకతోనే మీటలు చెక్కాను. చచ్చినదానికి వేళ్లుండవుగా. ప్రేమించిన ఆడదాని పేరు కొట్టి, ఆ వేళ్లు నువ్వే ఇచ్చావు. ఇక ఈమె ఎవరి పేరు కొడితే వాడు చస్తాడు. ముందు నీదే."

గుమాస్తా వాడి కాళ్ల మీద పడ్డాడు. "నా మిషన్లన్నీ తీసుకో. నన్ను చంపినా సరే. ఆమెను వదిలెయ్."

మాంత్రికుడు వికటాట్టహాసం చేసి ఆమెకు సైగ చేశాడు. ఆమె వేళ్లు లేచాయి... అప్పుడు వాడి చూపు పై వరుస మీద పడింది. ఖాళీ లేదు! గబుక్కున మెడలోని బిళ్లను తడుముకున్నాడు. ఆ ప్రేతం సంపూర్ణమై తన అదుపు తప్పకూడదనే ఆ ఒక్క ముక్కనూ తన దగ్గర దాచుకున్నాడు. ఆ లోటు ఇప్పుడు పూడిపోయింది.

"ఎవరు పెట్టారు దాన్ని?" అంటూ వాడు వెనక్కి జరిగాడు.

జవాబుగా ఆమె కంఠం నుంచి మరొక స్త్రీ ఆక్రందన! బతికుండగా ప్రతి కాగితం అడుగునా కొట్టిన యజమాని పేరు ఆ ప్రేతం మరిచిపోలేదు. ఆమె వేళ్లు ఆ పేరే కొట్టాయి; ఒక్కొక్క దెబ్బకూ వాడి దేహంలో ఒక్కొక్క ఎముక పటపటా విరిగింది. పేరు పూర్తయి గంట మోగేసరికి మండలం మధ్య గుప్పెడు బూడిద మిగిలింది. కపాలం పిండిపిండిగా రాలిపోయింది.

వాన వెలిసింది. గుమాస్తా ఆశగా దగ్గరికి వెళ్లి, తను అమర్చిన మీటను పీకబోయాడు. వేలు తగలగానే భార్య సొంత గొంతు ప్రాణం పోతున్నట్టు మూలిగింది. భయపడి చేయి వెనక్కి తీసుకున్నాడు. ప్రేతానికి ఆసరా ఇచ్చిన ఆ మీటకే భార్య ప్రాణమూ అంటుకుపోయిందని ఆయనకు అర్థమైంది.

ఆమె నిటారుగా కూర్చుని ఆయన వైపు తిరిగింది. ఆ ముఖంలో నవ్వు లేదు, దెప్పు లేదు.

"అయ్యా," అంది అపరిచితురాలి వినయంతో, "తర్వాత ఎవరి పేరు?"

దుఃఖం పొంగుకొచ్చింది. భార్యను పేరు పెట్టి పిలవబోయాడు. ఆమె వేళ్లు వెంటనే మీటల మీదికి చేరాయి. గుమాస్తా రెండు చేతులతో తన నోరు తనే మూసుకున్నాడు.