తుప్పు మీద బొట్టు

జగ్గయ్యపేట బజార్లో వీరరాఘవయ్య గారి ఇనుపకొట్టు తలుపు తీయగానే ముందు జరిగే పని సరుకు తుడవడం. పారలు, గునపాలు, కొడవళ్ళు, బావిగిలకలు, తలుపు గడియలు అన్నిటినీ నూనెగుడ్డతో తుడవాలి. ఎక్కడైనా ఎర్రచుక్క కనిపిస్తే గరుకు కాగితంతో రుద్ది, మళ్ళీ నూనె పట్టించాలి. తుప్పు పట్టిన మేకు ఒక్కటి అమ్మినా కొట్టు పరువు పోయినట్టేనని ఆయన నమ్మకం. అలాంటి మనిషికి పుట్టిన ఒక్కగానొక్క కొడుకు పొద్దున్నే పెరట్లో కూచుని, నిక్షేపంలాంటి రేకుకి పనిగట్టుకుని తుప్పు పట్టిస్తుంటే ఆ తండ్రి ప్రాణం ఎలా ఉంటుందో మీరే చెప్పండి.

కొడుకు పేరు భవానీప్రసాద్. వాడు చేసేవి బొమ్మ లారీలు. తిరునాళ్ళలో అమ్మే రంగురంగుల బొమ్మలు కావు. అరచేతిలో ఇమిడే పాడుబడ్డ లారీలు. చక్రం ఊడిపోయి, అద్దం పగిలి, తలుపు ఓ పక్కకి వేలాడుతూ, ఇంజను ఉండాల్సిన చోట పిచ్చిమొక్కలు మొలిచి ఉంటాయి. డాల్డా డబ్బా రేకు కత్తిరించి, పైన మెరుపు గీకేసి, రోజూ ఉప్పునీళ్ళు చల్లి ఆరబెడితే నెలకో రెండు నెలలకో రేకుని తుప్పు తినేసినట్టు అవుతుంది. టైర్లు సైకిలు ట్యూబుతో, పగిలిన అద్దాలు పాత సబ్బుపెట్టె మూతతో చేసేవాడు. పూర్తయిన బండిని చూస్తే, అది ఎక్కడో రోడ్డు పక్కన పదేళ్ళు వానకి తడిసిందని ఒట్టేసి చెప్పచ్చు.

ఇవన్నీ నందిగామలో ఉండే వరప్రసాదరావు గారి కోసం. ఆయన రైల్వేలో ఇంజినీరుగా చేసి రిటైరై, ఇంటి హాలంతా బల్లలు పరిచి, వాటి మీద బుల్లి రైలు నడుపుకుంటున్నాడు. స్టేషను కట్టాడు, సిగ్నళ్ళు పెట్టాడు, గూడ్సు షెడ్డు కట్టాడు. ఆ షెడ్డు వెనక నాలుగు పాడుబడ్డ బళ్ళు లేకపోతే అది నిజం స్టేషనులా లేదని ఆయనకి దిగులు. భవానీ చేతిపని చూశాక ఆ దిగులు తీరింది. దసరా వెళ్ళిన మర్నాడు రైల్వే పెద్దాఫీసర్లు ఆ రైలుని చూడ్డానికి వస్తున్నారు. వాళ్ళకి నచ్చితే ఎగ్జిబిషన్లకి నమూనాలు చేసే పనిలో భవానీని విజయవాడలో పెట్టుకుంటామని ముందే కబురు పంపారు. ఎనభై మూడులో అలాంటి పని దొరకడం మాటలు కాదు.

తండ్రికి ఆ సంగతి తెలుసు. తెలిసిన దగ్గర్నించీ కొడుకుతో మాట్లాడ్డం మానేశాడు. అంతకుముందే ఓ బేరగాడు కొట్లో నలుగురి ముందూ, మీ అబ్బాయి గరికపాడు చెక్‌పోస్టు దగ్గర పాత లారీ చుట్టూ గంటలకొద్దీ తిరుగుతున్నాడు, ఇనుప తుక్కు వ్యాపారం గాని పెడుతున్నారా అని అడిగాడు. ఆ రోజు ఆయన అన్నం సరిగ్గా తినలేదు. మాట్లాడ్డం మానేశాక ఇంట్లో ఏ మాటైనా తాయారమ్మ మీదుగానే నడిచేది. మీవాణ్ణి కొట్టుకి రమ్మను అని ఆయన, వస్తున్నానని చెప్పమ్మా అని వాడు. ఇద్దరూ ఒకే వసారాలో, ఒకే పీటల వరసలో కూచుని చెప్పే మాటలివి. మధ్యలో ఆవిడ సాంబారు గరిటె పట్టుకుని అటూ ఇటూ తల తిప్పలేక విసిగిపోయేది.

దసరాలకి అష్టమినాడు, తయారైన నాలుగు లారీలనీ ఇంట్లోనే ఉంచి, భవానీ నందిగామ వెళ్ళాడు. బళ్ళు పెట్టాల్సిన చోటు చూసి, కొలతలు తీసుకుని, ఆ రాత్రికి వరప్రసాదరావు గారింట్లోనే ఉండి, నవమి పొద్దున మొదటి బస్సుకి తిరిగొచ్చాడు. నవమి అంటే కొట్లో ఆయుధపూజ. బస్సు దిగి సరాసరి కొట్టుకే వెళ్ళాడు. అప్పటికే గడపకి పసుపు, తోరణం, లోపల సాంబ్రాణి పొగ. తండ్రి హారతి పళ్ళెం పట్టుకుని నిలబడి ఉన్నాడు. పూజపీట మీద పెద్ద త్రాసు, తూకపు రాళ్ళు, వాటి పక్కన బంతిపూల మధ్య నాలుగు బుల్లి లారీలు.

నాలుగూ నిగనిగలాడుతున్నాయి. తుప్పు లేదు, మట్టి లేదు, మొలిచిన మొక్కలు లేవు. వేలాడే తలుపుని తిన్నగా బిగించి, ఊడిన చక్రాన్ని ఎక్కించి, రేకంతా తెల్లగా రుద్ది, నూనె రాసి, ఒక్కోదానికీ నుదుటి మీద ఎర్రగా బొట్టు పెట్టి ఉంది. భవానీ గబగబా పీట దగ్గరికి వెళ్ళాడు.

"ఎవరు చేశారిది?"

"నేనే," అన్నాడు తండ్రి. ఎన్నాళ్ళ తర్వాతో కొడుకుతో నేరుగా అన్న మాట అది. ఇంకేదో వినాలని ఎదురుచూస్తున్నట్టు ఆయన వాడి మొహంలోకి చూశాడు.

"ఇష్టం లేకపోతే ఒద్దని మొహం మీదే చెప్పాల్సింది నాన్నా. నేను ఊళ్ళో లేనప్పుడు చూసి ఇట్టా దొంగదెబ్బ కొడతారనుకోలా. నేను ఈ కొట్లోంచి బయటపడతానని మీకు కడుపుమంట."

కొట్లో ఉన్న గుమస్తా తల దించుకున్నాడు. వీరరాఘవయ్య గారు హారతి పళ్ళెం కింద పెట్టి, వెళ్ళి తన చోట్లో కూచున్నాడు. అది చూసి భవానీకి కోపం ఇంకా పెరిగింది. లారీలు నాలుగూ తువ్వాల్లో మూటగట్టుకుని ఇంటికి వచ్చేశాడు.

తాయారమ్మ గారెలు వేస్తోంది. కొడుకు చెప్పిందంతా వింది. విజయవాడ వెళ్ళిపోతాననీ, పని ఉన్నా లేకపోయినా ఇక ఈ గడపలో ఉండననీ వాడు అంటుంటే, ఆవిడ మూకుడు దించి, కొంగుకి చేతులు తుడుచుకుని, వాడి ఎదురుగా కూచుంది.

"నీ బళ్ళు ఎక్కడ పెట్టాడో చూశావా?"

"పూజలో పెట్టాడు. అయితే?"

"త్రాసు పక్కన పెట్టాడు. అది మీ తాతయ్య త్రాసు. దాని పక్కన ఇంకో వస్తువు పెట్టనిచ్చే మనిషి కాదురా ఆయన. నేను కాపురానికొచ్చిన ఏడాది నా కుట్టుమిషను పెడతానంటే కూడా కుదరదన్నాడు. నిన్న నువ్వు బస్సెక్కగానే నీ బళ్ళు తీసుకుని పెరట్లో కూచున్నాడు. అన్నానికి పిలిచినా రాలేదు. అంత చిన్న రేకు రుద్దడం రాక వేళ్ళు కోసుకున్నాడు. ఎందుకండీ ఇదంతా అంటే ఏమన్నాడో తెలుసా? అవి మనవాడి సరుకు గదే, మన సరుకుని తుప్పుతో అమ్మవారి ముందు పెడతామా అన్నాడు."

భవానీ తువ్వాలు విప్పి లారీల వైపు చూశాడు.

"నువ్వు చూసి ఏమంటావో అని పొద్దున్నించీ వీధిలోకి చూస్తా ఉన్నాడు," అంది తాయారమ్మ. అంటూనే ఏడ్చింది. తన చేతులతో నెలల తరబడి చేసుకున్న పని పోయిందన్న బాధ భవానీకి ఆ క్షణంలో ఏమైపోయిందో తెలియదు. కొట్లో తను అన్న మాట మాత్రం చెవుల్లో మోగుతోంది.

వాడు మళ్ళీ కొట్టుకి వెళ్ళేసరికి గుమస్తా భోజనానికి వెళ్ళిపోయాడు. తండ్రి ఒక్కడే కూచుని, తుడిచిన గడియనే మళ్ళీ తుడుస్తున్నాడు. భవానీ వెళ్ళి ఆయన చేతులు పట్టుకుని తిప్పి చూశాడు. వేళ్ళ చివర్ల నిండా సన్నటి గాట్లు, వాటి మీద అద్దిన పసుపు.

"నాకు తెలీలా నాన్నా. ఆ మాట అనకూడదు. తప్పయింది."

"నాకు మాత్రం ఏం తెలుసురా," అన్నాడు వీరరాఘవయ్య గారు. "తుప్పు కనపడితే తీసెయ్యడం ఒక్కటే నాకు తెలిసింది. నువ్వు తుప్పు పట్టిస్తుంటే చూశాగాని, ఆఫీసర్లకి కావాల్సింది ఆ తుప్పేనని ఎవరు చెప్పారు నాకు? బళ్ళు మెరుస్తుంటే చూసి సంతోషిస్తావనుకున్నా."

కొడుకు ఆయన పక్కనే, చిన్నప్పుడు కూచున్నట్టు గల్లాపెట్టెని ఆనుకుని కూచున్నాడు. కాసేపటికి తండ్రే, మళ్ళీ తుప్పు రావడానికి ఎన్నాళ్ళు పడుతుందని అడిగాడు. నెలపైనే పడుతుందనీ, ఆఫీసర్లు ఎల్లుండే వస్తున్నారనీ భవానీ చెప్పాడు. ఈసారికి కాదని వరప్రసాదరావు గారికి కబురు పెడతానన్నాడు.

"ఎందుకు కాదు?" అన్నాడు తండ్రి. ఓ వానాకాలం తడిసిన గోనెపట్టాల్లో వచ్చిన పారలు ఒక్క రాత్రికే ఎర్రబడిపోయి, తను నెత్తీనోరూ కొట్టుకున్న సంగతి చెప్పాడు. ఏం చేస్తే ఇనుము పాడవుతుందో జన్మంతా భయపడుతూ తెలుసుకున్న మనిషి ఆయన. గోనెపట్టా తడిపి, ఉప్పు చల్లి, రేకు చుట్టి, పొయ్యి పక్కన వెచ్చగా పెట్టమన్నాడు. చెప్పి ఊరుకోలేదు. పండగపూట కొట్టు తాళం వేసి కొడుకుతో ఇంటికి వచ్చాడు. నూనె పోయేదాకా బళ్ళని కుంకుడు రసంతో కడిగాడు. కష్టపడి తను బిగించిన తలుపుని తనే వంచి, ఇంత వేలాడితే చాలా అని కొడుకుని అడిగాడు. తుప్పు చూస్తే చిరాకు పడే మనిషి తన చేత్తో ఉప్పు చల్లుతుంటే, తాయారమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి చూస్తూ ఉండిపోయింది.

దశమి పొద్దున ముగ్గురూ పొయ్యి దగ్గర చేరి మూట విప్పారు. రేకంతా ఎర్రగా మారిపోయింది. భవానీ వాటిని ఎండలోకి తీసుకెళ్ళి నెమ్మదిగా తిప్పి చూశాడు. ఒక్కచోట మాత్రం తుప్పు రాలేదు. నూనెలో రంగరించి పెట్టిన కుంకుమ గట్టిగా అంటుకుపోయి, ప్రతి బండి నుదుటి మీదా బొట్టు అలాగే నిలిచి ఉంది. కుంకుడు రసానికీ, ఉప్పునీళ్ళకీ కాస్త వెలిసింది, అంతే.

"అయ్యో, అది పోలేదే," అన్నాడు తండ్రి కంగారుగా. "గుడ్డకి కాస్త కిరసనాయిలు అద్దుకు రావే. పెద్దాఫీసర్లు చూసి నవ్వుతారు. వీడి పని చెడగొట్టింది చాలదా నేను."

తాయారమ్మ కదలబోయింది. భవానీ ఆపాడు.

"తుడవద్దు నాన్నా. గరికపాడులో నేను చూసొచ్చిన బండికి కూడా ఇట్టాగే వెలిసిపోయిన బొట్టుంది. నేనే ఏదో మరకలే అని వదిలేశా. ఆ బండి గలాయన కూడా ఓ నవమినాడు తలారా నీళ్ళు పోసుకుని, దాన్ని కడిగి, పువ్వులు పెట్టి దణ్ణం పెట్టుకుని ఉంటాడు గదా. ఇన్నాళ్ళూ నా బళ్ళు పాతవిగా కనపడ్డాయి గాని, వాటిని ఒకప్పుడు ఎవరో బాగా చూసుకున్నట్టు కనపళ్ళేదు. ఇప్పుడు అలా కనపడుతున్నాయి."

వీరరాఘవయ్య గారు ఓ లారీని అరచేతిలో పెట్టుకున్నాడు. తుప్పు పట్టిన వస్తువుని గుడ్డకోసం వెతుక్కోకుండా ఆయన చూడ్డం అదే మొదలు. వేలితో ఆ బొట్టు పక్కగా, చెరగకుండా నిమిరాడు. కళ్ళలో నీళ్ళు తిరిగితే కండువాతో ఒత్తుకున్నాడు.

తర్వాత బండిని జాగ్రత్తగా పెట్టెలో పెట్టి, అలవాటు కొద్దీ పెళ్ళాం వైపు తిరిగాడు. అంతలో ఏమనుకున్నాడో, కొడుకు వైపు చూశాడు.

"రేపు నందిగామ బస్సు ఎన్నింటికిరా? కొట్టు మధ్యాహ్నం తీస్తాలే," అన్నాడు.